చేతులతోని లంగరు దించినోడు

మా తమ్ముడు హన్మండ్లు మాట్లాడితె మా గల్లీ మొత్తం ఇంటది. వాని చెవులకే ఇనవడది. "అక్కా, కూరల ఉప్పు తక్కువైందే" అని ఇంట్ల కూసోని అంటడా, ఎదురింటి మంగవ్వ అరుగు మీదికెల్లి "ఇంకింత ఎయ్యరాదే భూమక్కా, పిలగాడు అడుగుతలేడా" అని పరాష్కమాడుతది. చాన దినాలు నేను గూడ నవ్విన. ఇప్పుడు నాకు నవ్వస్తలేదు.

నాకు గుస్స ఎక్కువని ఎల్లారెడ్డిల అందరికి ఎరుకే. అయితె ఒక్క మాట ముందుగాల్నే చెప్తున్న. ఈ ముచ్చట నడుమ ఎవలన్న "పోనియ్యక్కా, నువ్వేం జేస్తవ్" అని ఓదార్చిండ్రనుకో, ఒళ్ళె ఉన్న బీడీల చాట ఇసిరికొడ్త. తప్పు నాదే. నాకు ఓదార్పు వద్దు.

మాది గంగపుత్రుల ఇల్లు. మా బాపు పోచయ్య చెరువుల చేపలు వట్టి మమ్ముల సాదిండు. మా చెరువుల ఒక కట్టుబాటు ఉండె. తూము కాడ లోతు మడుగు ఉంటది, అది గంగమ్మ మడుగు, అండ్ల ఎవ్వడు వలెయ్యద్దు. ఎండకాలం చెరువంత ఎండినా ఆ మడుగుల నాలుగు చేపలు బతుకుతయి, వానలు వడ్డంక మల్ల చెరువును అవ్వే నింపుతయి. ఇంకో కట్టుబాటేందంటె, తెప్ప నిలవెట్టెతందుకు తాడుకు రాయి గడ్తం గద, దాన్ని లంగరంటం, ఆ రాయిని పైకెల్లి ఇసిరెయ్యద్దు. తాడు వట్టుకోని మెల్లమెల్లగ దించాలె. హన్మండ్లు ఏడేండ్లప్పుడు ఒకపారి దబ్బున ఏసిండు. బాపు చెంప మీద ఒక్కటిచ్చి, "కింద గుడ్లు వెట్టిన తల్లి ఉంటదిరా. నీ నెత్తి మీద ఎవడన్న గిట్లనే రాయేస్తె ఊకుంటవా?" అన్నడు. ఆ దెబ్బ వాడు మర్షిపోలె. మర్షిపోయినా బాగుండు.

పెద్దగైనంక హన్మండ్లు గజ ఈతగాడైండు. గాంధారి దిక్కు బాయిల ఎవలన్న వడ్డా, బిచ్కుంద దిక్కు వాగుల ఎవలన్న కొట్కవోయినా, పోలీసోళ్ళు జీపేసుకోని మా ఇంటికే వస్తుండె. ఒక్క మునక ఏసి పీనుగను చేతుల మీద పైకి తెస్తుండె. ఎవ్వల దగ్గర ఏం తీసుకోకపోతుండె, ఒక కొత్త తువ్వాల తప్ప. ఆ తువ్వాలలు ఒక పెట్టెడున్నయి మా ఇంట్ల. పీనుగలు ముట్టెటోనికి పిల్లనెట్ల ఇస్తమని సంబంధాలు వచ్చినయి వచ్చినట్టె తిరిగిపోయినయి. వాడు పెండ్లి చేసుకోలె, నా కాడనే ఉన్నడు. నా పెనిమిటి పోయినంక నా కొడుకు శేఖర్‌ను తండ్రి లెక్క వాడే పెంచిండు.

జుక్కల్ ఆయన ఒకాయన మాల్దీవుల వంట పని జేస్తుండె. ఆయన తమ్ముడు బాయిల వడి సచ్చిపోతె హన్మండ్లే పైకి తీసిండు. దినాలు అయిపోయినంక ఆయన వచ్చి, "అన్నా, నీ అసొంటి ఊపిరి ఉన్నోనికి సముద్రం మీద పనుంది, వస్తవా?" అని అడిగిండు. గట్ల పోయిండు వాడు. మేం చెరువులోళ్ళం, సముద్రం మొఖం ఎన్నడు జూడనోళ్ళం.

అది ఇల్లు అసొంటి పడవంట. ఈత నేర్చినోళ్ళు వారం దినాలు దాని మీదనే తింటరు, దాని మీదనే పంటరు. వీపుకు గాలి డబ్బ కట్టుకోని నీళ్ళల్లకు దిగి, చేపలను, తాబేళ్ళను, రంగురంగుల పగడాల దిబ్బలను సూసి మల్ల పైకొస్తరు. "చేపలు వట్టరా?" అని అడిగిన ఫోన్ల. "వట్టరు." "పగడాలు ఇంటికి తెచ్చుకుంటరా?" "ముట్టనే ముట్టద్దక్కా." "మరి గంత దూరం ఉత్తగ సూసెతందుకు వోతరా?" అన్న. "ఉత్తగ సూసెతందుకే" అని వాడు నవ్విండు. వానికి ఆ సంగతి మస్తు నచ్చింది. లోకంల మన బాపు అసొంటోళ్ళు ఇంకా ఉన్నరక్కా అన్నడు.

వాని పనేందంటె లంగరు. పగడం రాయి గాదంట, దానికి పాణమున్నదంట, బొటనేలంత పెరిగెతందుకు ఏండ్లు వడ్తయంట. మీదికెల్లి లంగరు ఏస్తె దిబ్బలకు దిబ్బలు ఇరుగుతయి. పడవ మీదోళ్ళు గొలుసు మెల్లగ ఇడుస్తుంటె, హన్మండ్లు ఊపిరి బిగవట్టి కిందికి దిగి, లంగరును రెండు చేతులతోని తోసుకుంట పగడం లేని జాగల ఇసుక మీద ఆనిచ్చెటోడు. ఎవలో ఒక దొరసాని నీళ్ళల్లనే వాని ఫోటో తీసింది. పడవ ఓనరు ఆ ఫోటోను తన కంపెనీ పేజీల వెట్టిండు, సముద్రానికి దెబ్బ తగలకుంట నడిచే పడవ మాది అని కింద రాసిండు. అది అప్పుడు నిజమే. ఆ ఓనరు మంచోడు.

ఐదేండ్లకు ఆయన పడవను ఇంకొకనికి అమ్ముకున్నడు. కొత్తోడు ఫోటో తియ్యలె, రాత తియ్యలె, పని మాత్రం తీసేసిండు. మొదటి దినం వచ్చినోళ్ళు సూస్తుంటరు గన్క చేతులతోని దించమనెటోడు. రెండో దినం కాన్నుంచి ఏడ వడితె ఆడ ఏసుడే. కక్కూసు నీళ్ళు, వంట గిన్నెలు కడిగిన నీళ్ళు అన్ని పొద్దుగూకంగ దిబ్బల నడుమనే ఇడిసెటోళ్ళు. సొరచేపలు దగ్గరికొస్తె ఫోటోలు మంచిగ వస్తయని చేపల తలకాయలు ఇసిరెటోళ్ళు. హన్మండ్లు కొట్లాడిండు. ఎవ్వలు ఇనలె. ఇగ ఎవ్వలు చెప్పకున్నా తానే దుంకుడు షురూ జేసిండు, గొలుసు చప్పుడైతె చాలు. దినానికి ఐదు తాపలు, ఆరు తాపలు. పడిశం వట్టినా దుంకిండు. లోతు నీళ్ళ బరువు చెవుల మీద వడ్డది. ముందుగాల ఎడమ చెవులకెల్లి నెత్తురొచ్చింది, ఎన్కశీరి కుడి చెవు. పని చాతనైతలేదని కంపెనీ ఇంటికి తోలింది.

కామారెడ్డిల చెవుల డాక్టరమ్మ అరుణజ్యోతి కాడికి తీసుకపోయిన. ఆమె అన్ని మిషిన్లు పెట్టి సూసి, లోపటి నరం పోయింది భూమక్కా, ఇగ రాదు అన్నది. ఇనుకుడొక్కటే గాదు, నీళ్ళల్ల మునిగితె మీదేదో కిందేదో వానికి తెలుస్తలేదు. మా హన్మండ్లుకు! ఒకనాడు పోలీసోళ్ళు మల్ల వచ్చిండ్రు, గాంధారి కాడ బాయిల ఆడిపిల్ల వడ్డదని. వీడు తువ్వాల భుజమ్మీదేసుకోని పోయిండు గాని ఒడ్డు మీదనే నిలవడి, "గా మూలకు సూడుండ్రి" అని ఏలు సూపెట్టిండు. ఇంటికొచ్చి అన్నం తినలె. అడిగితె గోడ దిక్కు మళ్ళి పండుకున్నడు.

ఇంట్ల మేం సైగలతోని మాట్లాడుకుంటం. అవ్వి నీళ్ళ కింద మాట్లాడుకునే సైగలు, వాడే నేర్పిండు. బొటనేలు, చూపుడేలు కలిపి సున్న జేస్తె అంత మంచిదే. అరచెయ్యి ఇటు అటు ఊపితె ఏదో తకరారున్నది. బొటనేలు మీదికి లేపితె పైకి రా. మంగవ్వ ఒకనాడు కూర మంచిగున్నదని బొటనేలు లేపి సూపెట్టింది, వీడు పళ్ళెం ఇడిసి దిగ్గున లేసి నిలవడ్డడు. ఆ నాడు ముగ్గురం పొట్ట వట్టుకోని నవ్వినం.

ఇగ నా కొడుకు ముచ్చట. శేఖర్ కామారెడ్డిల డిగ్రీ సదివిండు. రెండు తాపలు కానిస్టేబుల్ పరీక్ష రాస్తె రెండు తాపలు పోయింది. తాగుడు షురూ అయింది. ఏడాది దినాలు తలుపేసుకోని అర్రల పన్నడు. ఒకనాడు పొలం బాయి అంచు మీద కాళ్ళు ఏలాడేసి కూసున్నడని ఎవలో చెప్తె, ఉత్త కాళ్ళతోని ఉరికిన. హన్మండ్లు అప్పుడు సెలవుకు వచ్చి ఉండె. మెల్లగ పోయి వాని పక్కపొంటి కూసున్నడు. ఎంతో మందిని బాయిలకెల్లి తీసినోడు గద, ఆ కూసునుడు వానికి ఎరుకే. మల్ల వోయేటప్పుడు పిలగాన్ని ఎంట తీసుకపోయి పడవ వంటింట్ల వెట్టిండు. ఆర్నెల్లకు నా కొడుకు ఫోన్ల నవ్విండు. "అవ్వా, ఇయ్యాల నేను చేపల పులుసు వెట్టిన, దొరలు ఏళ్ళు నాకిండ్రు" అన్నడు. ఆ నవ్వు ఇని నేను ఇంట్ల ఒక్కదాన్నే ఏడ్సిన.

మామ చెవులు వోయి ఇంటికొచ్చినా వాడు ఆడనే ఉన్నడు. "నువ్వు వంటింట్లకెల్లి బయటికి రాకు, లంగరు జోలికి వోకు" అని హన్మండ్లు ఒట్టు వెట్టించుకున్నడు. సరే మామా అన్నడు.

పోయిన చలికాలం డాక్టరమ్మ మా ఫోనుకు మెసేజ్ వెట్టింది. ఆమె, ఆమె సోపతిగాళ్ళు, అందరు కలిసి పద్నాలుగు మంది, గాలి డబ్బ కట్టుకోని మునుగుడు నేర్చుకున్నరంట. సముద్రాన్ని ఖరాబు జెయ్యని పడవ అయితెనే ఎక్కుతమని తలుసుకున్నరంట. రెండు పడవలు సూసి పెట్టుకున్నరు. ఒకటి పెద్ద తెల్లది, ఇంకోటి చిన్నది, పాతది. "తెల్ల బోటు పేజీల నీ ఫోటో కనవడ్డది హన్మండ్లన్నా! గీ బోటే తీసుకుందమని అందరంటున్నరు. నువ్వు పని జేసినవు గద, నువ్వు ఏది చెప్తె అదే ఎక్కుతం" అని తెలుగుల రాసింది. నాకు అచ్చరం ముక్క రాదు. వాడే ఏలు వెట్టి ఒక్కొక్క మాట పైకే సదివిండు. తెల్ల బోటంటె అదే, శేఖర్ ఉన్న బోటు.

గదే పొద్దుగాల శేఖర్ ఫోన్ జేసిండు. ఈసారి మంది వస్తలేరవ్వా, వచ్చే నెల గుంపు దొరకకుంటె బోటును ఒడ్డుకు గట్టేసి మమ్ములందరిని ఇంటికి తోలుతరట అన్నడు. వాని గొంతు మల్ల ఆ అర్రల పన్నప్పటి గొంతు లెక్కనే ఉండె. ఆ సంగతి హన్మండ్లుకు నేను చెప్పలె. 

పగటీలి అన్నాలు తిని, మంగవ్వ, నేను అరుగు మీద చాటలు ముంగట వెట్టుకోని బీడీలు చేస్తున్నం. హన్మండ్లు ఫోను తెచ్చి నా ఒళ్ళె వెట్టిండు. "అక్కా, మాట పంపాలె, ఒత్తు" అన్నడు. వాని మొద్దు ఏళ్ళకు ఆ చిన్న అచ్చరాలు దొరకయి. నేను ఒత్తిపట్టిన. వాడు ఎప్పటి లెక్కనే ఒర్రుకుంట మాట్లాడిండు.

"మేడం, పేజీల ఏం రాసిండ్రో సూడొద్దు. ఏ బోటునైనా మూడు సంగతులడుగుండ్రి. లంగరు ఎవలు దించుతరు, కక్కూసు నీళ్ళు ఏడ ఇడుస్తరు, వంటింట్ల మిగిలింది ఏడ వారవోస్తరు. దబ్బన జవాబు రాకుంటె ఆ బోటు ఎక్కకుండ్రి. చిన్న బోటు మంచిది మేడం. సూడ ముసలిగుంటది, గాని దాని వంటాయన ఉల్లిపొట్టు గూడ సంచిల నింపి ఒడ్డుకు తెస్తడు. తెల్ల బోటు వద్దు. ఆ ఫోటో పాతది. నా మొఖం జూసి ఎవ్వలు ఆ పడవ ఎక్కొద్దు మేడం. నా మొఖం అబద్ధమాడుతుంది ఆడ. నేను ఆపలేకపోతున్న."

గల్లీ అంత ఇన్నది. మంగవ్వ చేతుల బీడాకు గట్లనే ఉండిపోయింది. వాడు నా దిక్కు సూసి, పంపమని సైగ జేసిండు.

నేను పంపలె. నా బొటనేలు పక్కకు జరిపిన, అది తుడుచుకపోయింది. సదువు రానిదాన్ని అయినా ఆ ఒక్క పని నాకొచ్చు. మల్ల ఒత్తి, వాని ముంగటనే, వాని మొఖం జూసుకుంట అన్న. "డాక్టరమ్మా, మా తమ్ముడు చెప్తుండు, తెల్ల బోటే మంచిదట. మా పిలగాడు గూడ దాని మీదనే ఉన్నడు, మిమ్ముల మంచిగ అర్సుకుంటడు." నా పెదవులు కదులుతుంటె వాడు సూసిండు. "నువ్వేమన్నవక్కా?" అని అడిగిండు. దండాలు చెప్పిన అన్నట్టు రెండు చేతులు జోడించిన. వాడు మంచిదని తలకాయ ఊపిండు.

డాక్టరమ్మ మాటతోనే జవాబు పంపింది. సరే భూమక్కా, హన్మండ్లన్న మాటే మాకు ఆఖరి మాట అన్నది. "ఏమన్నది? చిన్న బోటు ఎక్కుతమన్నదా?" అని వాడు. నేను ఏళ్ళు కలిపి సున్న సూపెట్టిన. అంత మంచిదే అని. నా తమ్ముడు ఆనాడు నెల దినాల సంది తిననంత అన్నం తిన్నడు. పెరుగు అడిగి ఏయించుకున్నడు. నేను ఏసిన. థూ, నా బతుకు! చెవులు లేనోన్ని మోసం జేసుడు గంత అల్కగ ఉంటదని నాకు గప్పుడే ఎరుకైంది.

మంగవ్వ చాట సదురుకోని, "నా కండ్లల్ల ఏదో వడ్డది, వోతున్న" అని లేసి తన ఇంట్లకు వోయింది.

తెల్ల బోటుకు గుంపు దొరికింది. శేఖర్ ఉండిపోయిండు. డాక్టరమ్మోళ్ళు పోయొచ్చినంక ఒకనాడు ఫోన్ జేసిండు. "అవ్వా, గట్టిగ మాట్లాడు, ఈడ సిగ్నల్ లేదు" అన్నడు. నాకైతె వాని మాట సాఫ్‌గనే ఇనవడ్తుండె. అటు దిక్కే ఖరాబున్నదనుకున్న. మల్ల ఫోన్ జేసినా గదే మాట. నేను వాకిట్ల నిలవడి గొంతు వోయేదాక ఒర్రుతుంటె మంగవ్వ, "ఏందే, మీ ఇంట్ల అందరికి ఒర్రుడు బీమారి అంటుకున్నది" అన్నది. అప్పుడు గూడ నా మట్టి బుర్రకు తట్టలె.

రెండు వారాలకు హన్మండ్లును సూపిచ్చెతందుకు కామారెడ్డి పోయినం. డాక్టరమ్మ ఎప్పుడు నవ్వుకుంట పలకరిస్తది. ఆనాడు నవ్వలె. వాని చెవులు సూసింది, తూడ్సింది, మందు రాసింది. అప్పుడు నా దిక్కు మళ్ళి, "భూమక్కా, హన్మండ్లన్న గట్లెందుకు చెప్పిండు?" అని అడిగింది.

నేను నేల దిక్కు సూసిన. ఆమె తన ఫోన్ల ఫోటోలు సూపెట్టింది. దిబ్బ మీద గొలుసు ఈడ్సుకపోయిన జాగ, తెల్లగ, ఎముకలు బయటవడ్డట్టు. "మేం ఇరగ్గొట్టద్దనే కదా అంత ఎతుక్కోని వోయింది" అన్నది. ఇంకో ఫోటో తీసింది. నీళ్ళ కింద ఒక పిలగాడు, రెండు చేతులతోని లంగరు వట్టుకోని. హన్మండ్లు ఫోటోల ఎట్లుండెనో గట్లనే. నా కొడుకు.

"వంటింట్ల కదా ఉండేది?" అన్న నేను.

"అన్న వచ్చేసిన కాన్నుంచి అతనే దించుతున్నడంట. మీకు చెప్పొద్దన్నడు." డాక్టరమ్మ కుర్చీల కూసున్నది.  "మొదటి దినమే నేను సూసిన, పడిశం ఉండె. ఈ వారం దుంకొద్దని చెప్పిన, కెప్టెన్‌కు గూడ చెప్పిన. కాని మావోళ్ళందరికి ఆ ఫోటో కావాలె. లంగరును చేతులతోని దించేటోని ఫోటో. అది సూసే కదా ఆ బోటు తీసుకున్నది. ఒకసారి, ఇంకోసారి అని అడిగిండ్రు. నేను గూడ గట్టిగ ఆపలె. నాలుగో దినం పైకొచ్చినప్పుడు చెవులకెల్లి నెత్తురొస్తుండె." ఆమె ఏడుస్తుంది. డాక్టరు ఏడుసుడు నేను ఎన్నడు సూడలె. "కుడిది వోయింది భూమక్కా. ఎడమది సగం ఉన్నది, ఇంకోసారి దుంకితె అది గూడ ఉండది. ఇంటికి వోయి మీకు తానే చెప్తనన్నడు. చెప్పలేదా?"

సిగ్నల్ లేదని చెప్పిండు.

హన్మండ్లు మా ఇద్దరి మొఖాలు మార్చి మార్చి సూస్తుండు. డాక్టరమ్మ కండ్లు తుడుసుకోని కాయితం తీసి, తెల్ల బోటు మంచిదని మాకు ఎందుకు చెప్పినవన్నా అని రాసి వాని ముంగట వెట్టింది. వాడు ఏలు వెట్టి ఒక్కొక్క అచ్చరం సదివిండు. సదివి లేసి నిలవడ్డడు.

"నేను వద్దని చెప్పిన గద మేడం! నా మొఖం జూసి ఎక్కొద్దని చెప్పిన గద! చిన్న బోటు ఎక్కుమన్న గద!"

బయట బెంచీల మీదున్నోళ్ళందరు తలుపు దిక్కు సూసిండ్రు. డాక్టరమ్మ నా దిక్కు సూసింది. ఆమెకు సమజైంది. కలం చేతులకు తీసుకున్నది, మల్ల కింద వెట్టింది. "నేను రాయను. నువ్వే చెప్పు" అన్నది.

ఎట్ల చెప్పాలె? నోటితోని చెప్తె వానికి ఇనవడది. రాసెతందుకు నాకు రాదు. సంచిలకెల్లి ఫోను తీసిన. బొటనేలుతోని ఒత్తిపట్టినట్టు సూపెట్టిన. వాని నోటి దిక్కు ఏలు సూపెట్టి, బొటనేలును పక్కకు జరిపిన. మల్ల నా నోటి మీద ఏలు వెట్టుకున్న. వాడు సూసుకుంటనే ఉన్నడు. తిడ్తడనుకున్న, కొడ్తడనుకున్న. కొడితె బాగుండు. వాడు కాయితం డాక్టరమ్మ దిక్కు జరిపి, "శేఖర్‌గాడు ఎట్లున్నడు?" అని మెల్లగ అడిగిండు. చెవులు వోయినంక వాడు మెల్లగ మాట్లాడుడు గదే మొదటిసారి. ఆమె రాసింది. వాడు సదివి, తన కుడి చెవును అరచేత్తోని మూసుకోని గట్లనే కూసున్నడు.

కామారెడ్డి బస్టాండుల ఎల్లారెడ్డి బస్సు కోసం కూసున్నం. వాడు నాకు రెండు సీట్ల దూరంల కూసున్నడు. ఎన్నడు గట్ల కూసోలె. జరసేపటికి చెయ్యి సాపిండు, ఫోను ఇమ్మని. నేనే శేఖర్‌కు కలిపి, పెద్దగ ఇనవడేటట్టు వెట్టి వాని చేతికిచ్చిన. బస్సుల మోతల గూడ నా కొడుకు గొంతు పక్కన నిలవడి మాట్లాడినట్టు ఇనవడ్డది.

"హలో, అవ్వా? గట్టిగ మాట్లాడవ్వా, సిగ్నల్ లేదు."

"శేఖరా! దుంకకురా! లంగరు ముట్టకు బిడ్డా, ఇంటికొచ్చెయ్!" హన్మండ్లు ఒర్రుతుండు. మంది అందరు మళ్ళి సూస్తున్నరు. వాడు ఫోనును మొఖానికి ఎదురుంగ వట్టుకోని, రెండో చేతి బొటనేలు మీదికి లేపి సూపెడ్తుండు. పైకి రా, పైకి రా అని. ఆ ఫోన్ల మొఖం కనవడదని గూడ వానికి సోయి లేదు.

"మామనా? మామా, ఇనవడ్తలేదు. ఈడ అంత మంచిగనే ఉన్నది. డాక్టరమ్మోళ్ళ ఫోటోలు జూసి ఇంకా రెండు గుంపులొస్తున్నయి మామా, రేపే ఒకటి. లంగరు దించేది నేనేనా అని ముందుగాల్నే అడుగుతున్నరట. హలో? మామా? అవ్వకు చెప్పు, నాకేం రంది లేదని చెప్పు."

నేను ఫోను గుంజుకోని, "కొడకా, వద్దురా, నీ కాళ్ళు మొక్కుతరా, దుంకకు" అని ఒర్రిన. "ఏందవ్వా? సిగ్నల్ లేదు, రేపు చేస్త" అన్నడు, నవ్విండు. ఆ నవ్వే. పెట్టేసిండు. మల్ల కలిపితె ఎత్తలె.

హన్మండ్లు నా దిక్కు మళ్ళిండు. వాని బొటనేలు ఇంకా లేసే ఉన్నది.

"ఏమన్నడక్కా? ఇన్నడా? వస్తనన్నడా?"

సున్న జేసెతందుకు నా ఏళ్ళు కలువలె.  బస్సొచ్చింది, కండక్టరు ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి అని ఒర్రుతుండు. నా రెండు చెవులు మంచిగున్నయి, అన్ని ఇనవడ్తున్నయి. "చెప్పవేందక్కా, ఏమన్నడు?" అని వాడు అడుగుతనే ఉన్నడు.